మనిషి కనిపించకుండా పోతే ఇంటివారు చేయవలసిన పనులు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భృతి గురించో, మెడికల్ బిల్లుల గురించో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను అడిగారు. ఆ విషయాలు నాకంటే బాగా చెప్పగలవారు ఈ హాలులోనే పదిమంది ఉన్నారు. అందుకని వారి అనుమతితో మరో సంగతి ఎత్తుకుంటున్నాను. మనిషి చనిపోతే ఏ కాగితం ఎక్కడ పెట్టాలో మన సంఘం కరపత్రం వేసి పంచింది. మనిషి చనిపోలేదు, బతికి ఉన్నాడని కూడా తెలియదు, ఊరికే కనిపించకుండా పోయాడు. అప్పుడు ఆ ఇంటివారు ఏం చేయాలి? దీనిమీద మన దగ్గర ఒక్క కాగితం ముక్క కూడా లేదు. ఈ విషయంలో నేను చేసిన పొరపాట్లు కూడా కొన్ని ఉన్నాయి. అవి మీ ముందు ఒప్పుకోవడం నా బాధ్యత అనుకుంటున్నాను.

నేను కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళ మధ్యనే బతికినవాణ్ణి. నాకు పని నేర్పిన సీనియర్ ఒకరు ఉండేవారు. నాకంటే అయిదేళ్ళు పెద్ద. దిల్‌సుఖ్‌నగర్ దాటాక కొత్తపేట సందుల్లో ఇల్లు కట్టుకున్నారు. రిటైరయ్యాక ఏడెనిమిదేళ్ళు హాయిగానే గడిచాయి. తరువాత కొద్దికొద్దిగా మతిమరుపు మొదలైంది. కూరగాయలకని వెళ్ళి ఖాళీ సంచితో తిరిగి వచ్చేవారు. సెల్ నంబర్లు ఒక్కటీ గుర్తుండేవి కావు. ఇంట్లో ల్యాండ్‌లైన్ నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు.

2015 డిసెంబరు 10, గురువారం. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి వెళ్ళివస్తానని పొద్దున్నే బయలుదేరారు. ఎప్పుడూ వెళ్ళే దారే. మధ్యాహ్నమైనా రాలేదు, రాత్రయినా రాలేదు. ఆ రోజు నుంచి నేటి వరకు ఆయన కబురు లేదు.

మనలో చాలామందికి 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం గుర్తుండే ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర రెండు బాంబులు పేలిన రోజు. పదిహేనుమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఫోన్లు కలవక, ఆఫీసు నుంచి రావలసినవాళ్ళు రాక, ఈ చుట్టుపక్కల ప్రతి ఇల్లూ ఒక గంటో రెండు గంటలో తల్లడిల్లిపోయింది. ఆ రెండు గంటలు ఎలా గడిచాయో తలుచుకోండి. ఆ ఇల్లాలికి అవి పదేళ్ళుగా గడుస్తూనే ఉన్నాయి. నేను ఆమెను అక్కయ్యగారూ అంటాను.

ఇప్పుడు నా మొదటి తప్పు చెబుతాను. ఆ రాత్రే పోలీస్ స్టేషనుకు వెళదామని అక్కయ్యగారు అన్నారు. నేనే ఆపాను. "మతిమరుపు మనిషి కదా, ఏ చుట్టాల ఇంటికో వెళ్ళి ఉంటారు. పోలీసులదాకా పోతే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు, రెండు రోజులు చూద్దాం" అన్నాను. ఆ రెండు రోజులు పందొమ్మిది రోజులయ్యాయి. మేము మహాత్మాగాంధీ బస్ స్టేషను, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులు తిరిగాం. వాళ్ళబ్బాయి షిర్డీ వెళ్ళాడు, తిరుపతి వెళ్ళాడు. తీరా ఫిర్యాదు ఇవ్వబోతే ఇల్లు ఒక స్టేషను పరిధి, గుడి మరొక స్టేషను పరిధి అని రెండు రోజులు తిప్పారు. చివరికి డిసెంబరు 29న కేసు నమోదైంది. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అని అక్కడి ఉద్యోగి అడిగితే నేను తల వంచుకున్నాను. మొదటి రోజుల్లోనే చెప్పి ఉంటే బస్టాపు కెమెరాలైనా చూసేవారు. ఆ మాట నా మనసులో ఇప్పటికీ ముల్లులా ఉంది.

అందుచేత మొదటి సంగతి. ముసలివాళ్ళుగానీ మతిమరుపు ఉన్నవాళ్ళుగానీ కనిపించకపోతే ఇరవైనాలుగు గంటలు ఆగాలన్న నియమం ఏదీ లేదు. గంటల్లోనే 100కో 112కో చెప్పి, స్టేషనుకు వెళ్ళి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఈమధ్య తీసిన ఫోటో, వేసుకున్న బట్టలు, పుట్టుమచ్చలు, వాడే మందులు అన్నీ అందులో రాయాలి. ప్రథమ సమాచార నివేదిక ప్రతి, అంటే ఎఫ్.ఐ.ఆర్. ప్రతి, అడిగి తెచ్చుకోవాలి. నంబరు, తేదీ ఉన్న ఆ ఒక్క కాగితం లేనిదే తరువాత ఏ ఆఫీసులోనూ ఏ తలుపూ తెరుచుకోదు. వృద్ధుల కోసం ఉన్న సహాయ నంబరు 14567 కూడా గోడమీద రాసి పెట్టుకోండి.

ఇక పెన్షన్ సంగతి. ఇక్కడే నా రెండో తప్పు. ఆయన నవంబరులోనే జీవన ప్రమాణ పత్రం ఇచ్చారు కనుక పెన్షన్ నెలనెలా ఖాతాలో పడుతూనే ఉంది. ఖాతా ఆయన ఒక్కరి పేరునే ఉంది. ఏటీఎం కార్డు ఇంట్లో ఉంది, నంబరు అక్కయ్యగారికి తెలుసు. "తీయవచ్చా తమ్ముడూ?" అని ఆమె నన్ను అడిగింది. "ఆయన డబ్బే కదా, ఇల్లు గడవాలి కదా, తీసుకోండి" అన్నాను. ముప్పై ఏళ్ళు నిబంధనల పుస్తకం పక్కన పెట్టుకుని పనిచేసినవాణ్ణి, అలా అన్నాను. ఏడు నెలలు తీశారు. తరువాత కుటుంబ పెన్షన్ మంజూరైనప్పుడు లెక్క తేలింది. మామూలుగా పెన్షన్ అంటే జీతంలో సగం, మామూలు రేటు కుటుంబ పెన్షన్ అంటే నూటికి ముప్పై. ఈ తేడా అంతా కలిపి, కరువు భృతితో సహా, యాభై వేల పైచిలుకు అధికంగా తీసుకున్నట్టు తేలి, నెలనెలా వాయిదాల్లో కోశారు. ఉన్నదే తక్కువ, అందులో కోత. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

కనుక మిత్రులారా, మనిషి కనిపించకపోతే పెన్షన్ ఇచ్చే బ్యాంకుకూ, పాత ఆఫీసుకూ వెంటనే ఉత్తరం రాయండి. కార్డుతో పెన్షన్ సొమ్ము తీయవద్దు. ఇల్లు గడవడం కష్టమే, ఒప్పుకుంటాను. అందుకు దారి ఉంది. అదేమిటో చెబుతాను.

కేంద్ర ప్రభుత్వం 1986లోనే ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఉద్యోగి గానీ పెన్షనరు గానీ కనిపించకుండా పోతే, ఏడేళ్ళు ఆగనవసరం లేకుండా, ఏడాది తరువాత కుటుంబ పెన్షన్ ఇవ్వవచ్చునని. తరువాత ఆ ఏడాదిని ఆరు నెలలకు తగ్గించారు. 2021 పెన్షన్ నిబంధనల్లో కూడా అదే ఉంది. ఆరు నెలలు పోలీసు ఫిర్యాదు తేదీ నుంచి లెక్క. పెన్షనరు విషయంలో కుటుంబ పెన్షన్ కూడా ఫిర్యాదు తేదీ నుంచే మొదలవుతుంది. నా "రెండు రోజులు చూద్దాం" అన్న మాటకు ఎంత ఖరీదు పడిందో చూడండి.

దరఖాస్తు ఆయన చివరగా పనిచేసిన కార్యాలయాధిపతికి పెట్టాలి. దానికి మూడు జతచేయాలి. ఒకటి, ఎఫ్.ఐ.ఆర్. ప్రతి. రెండు, ఎంత వెతికినా ఆచూకీ తెలియలేదని పోలీసులు ఇచ్చే నివేదిక. మూడు, ఇద్దరు జామీనుదారులతో పూచీ బాండు. మనిషి తిరిగి వస్తే తీసుకున్న సొమ్ము సర్దుబాటు చేస్తామని ఆ బాండు సారాంశం. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లకు వారి ఉత్తర్వులు వేరు, వారు తమ ట్రెజరీ కార్యాలయంలో అడగాలి. ఎక్కడైనా ఫిర్యాదు, పోలీసు నివేదిక, ఈ రెండూ చేతిలో లేకుండా కదిలే పని లేదు.

ఆ బాండు చదివి వినిపించినప్పుడు అక్కయ్యగారు, "ఆయన తిరిగి వస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలా? వస్తే చాలు తమ్ముడూ, ఈ ఇల్లే రాసిస్తాను" అన్నది. గుమాస్తాకు ఆ మాట రాసుకోవడానికి ఫారంలో గడి లేదు.

జామీను సంతకం కోసం నేను అయిదుగురు పాత మిత్రుల ఇళ్ళకు వెళ్ళాను. ఒకాయన కాఫీ ఇచ్చి పిల్లలు ఒప్పుకోరన్నారు. ఇంకొకాయన కళ్ళజోడు లేదన్నారు. చివరికి ఒకరు నేనూ ఉన్నాను పదండి అన్నారు. రెండో జామీను నేనే. ఈ సంగతి ఎందుకు చెప్పానో చివర తెలుస్తుంది.

బ్యాంకు డిపాజిట్ల విషయానికి వద్దాం. ఆయనకు మూడు ఫిక్సెడ్ డిపాజిట్లు ఉండేవి. ఒకటి ఇద్దరి పేరునా, ఎవరైనా లేక జీవించి ఉన్నవారు అనే షరతుతో ఉంది. గడువు తీరాక దానికి ఏ అడ్డూ రాలేదు. మిగతా రెండు ఆయన ఒక్కరి పేరున, అక్కయ్యగారు నామినీగా ఉన్నాయి. నామినీ ఉంది కదా, భయమేమిటి అనుకున్నాం. మేనేజరు మర్యాదస్తుడే. "అమ్మా, నామినేషన్ పనిచేసేది ఖాతాదారుడు పోయాక. ఆయన పోయారని మీరు అనడం లేదు, నేను అనలేను" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో అప్పుడు అర్థమైంది. నామినేషన్, వీలునామా ఇవన్నీ మరణం తరువాత నోరు తెరిచే కాగితాలు. మనిషి కనిపించకపోతే అవి మూగవే. పవర్ ఆఫ్ అటార్నీ కూడా మనిషి ఎదురుగా ఉండి రాసి ఇచ్చి ఉంటేనే.

చిన్న మొత్తాల విషయంలో 2008లో రిజర్వ్ బ్యాంకు ఒక వెసులుబాటు చూపింది. ప్రతి బ్యాంకూ ఒక పరిమితి పెట్టుకుని, ఆ పరిమితిలోపు సొమ్మును ఎఫ్.ఐ.ఆర్., పోలీసు నివేదిక, పూచీ బాండు ఆధారంగా, కోర్టు తీర్పు కోసం పట్టుబట్టకుండా చెల్లించవచ్చునని చెప్పింది. ఆ పరిమితి బ్యాంకును బట్టి మారుతుంది. మీ బ్రాంచిలో అడగండి, నోటిమాటగా కాదు, రాతలో అడగండి. పదేళ్ళపాటు కదలిక లేని డిపాజిట్ రిజర్వ్ బ్యాంకు దగ్గరి నిధికి వెళుతుంది గానీ పోదు. హక్కుదారులు తరువాతైనా బ్యాంకు ద్వారా అడగవచ్చు. అలాంటి ఖాతాలు వెతకడానికి 2023లో ఉద్గం అనే పోర్టల్ కూడా పెట్టారు, మనవళ్ళకు చెబితే చూసిపెడతారు.

జీవిత బీమా గురించి ఒక మాట. వనస్థలిపురంలో నాకు తెలిసిన ఒక ఇంట్లో ముప్పై ఏళ్ళ కొడుకు కనిపించకుండా పోయాడు. మూడో ఏడు తల్లిదండ్రులు ప్రీమియం కట్టడం మానేశారు. ఏడేళ్ళు దాటాక క్లెయిము పెడితే పాలసీ రద్దయిపోయిందన్నారు. వాళ్ళకు తెలియనిది ఏమిటంటే, 2004లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. ఏడేళ్ళు కబురు లేకపోతే చనిపోయాడని అనుకోవచ్చు గానీ, ఫలానా రోజున చనిపోయాడని అనుకోవడానికి వీల్లేదు. కనుక ప్రీమియం కడుతూ పాలసీని బతికించుకోవాలి. కడుపు కట్టుకొనైనా ఆ ప్రీమియం కట్టండి.

ఈ ఏడేళ్ళ లెక్క ఎక్కడిది? 1872 నాటి సాక్ష్య చట్టంలో 107, 108 సెక్షన్లలో ఉండేది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, భారతీయ సాక్ష్య అధినియమం. అందులో అవే 110, 111 సెక్షన్లయ్యాయి. ముప్పై ఏళ్ళలోపు బతికి ఉన్నట్టు తెలిసిన మనిషి చనిపోయాడని ఎవరంటే వారే రుజువు చేయాలి. అయితే, బతికి ఉంటే ఎవరికి సహజంగా కబురు అందాలో వారికి ఏడేళ్ళుగా ఏ కబురూ లేకపోతే, బతికే ఉన్నాడనేవాడు రుజువు చేయాలి. పాతకాలంలో మన పెద్దలు పన్నెండేళ్ళు చూసి, దర్భలతో బొమ్మ చేసి కర్మ చేసేవారు. చట్టం దాన్ని ఏడేళ్ళు చేసిందనుకోండి. హిందూ వివాహ చట్టంలో కూడా ఏడేళ్ళు కబురు లేకపోవడం విడాకులకు ఒక కారణం. చిన్న వయసు ఆడపిల్లల విషయంలో ఇది గుర్తుంచుకోవాలి.

ఒక తేడా ఉంది. ఏడేళ్ళు గడవగానే ఆ మనిషి తనంతట తాను చనిపోయినవాడైపోడు. కోర్టుకు వెళ్ళి ప్రకటన డిక్రీ తెచ్చుకోవాలి. పెద్ద ప్రమాదాల్లో మాత్రం ప్రభుత్వాలు వేరే దారి చూపిన సందర్భాలున్నాయి. 2013 ఉత్తరాఖండ్ వరదల్లో కొట్టుకుపోయినవారికి ఏడేళ్ళు ఆగకుండా విచారణ జరిపి మరణ ధ్రువపత్రాలిచ్చారు. మన రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు సొరంగంలో ఎనిమిదిమంది చిక్కుకుంటే, రెండు నెలలు వెతికినా ఇద్దరి దేహాలే దొరికాయి. అదే ఏడు జూన్ 30న పాశమైలారం పేలుడులో ఎనిమిదిమంది ఆనవాళ్ళు కూడా దొరకలేదు. అక్కడ జరిగింది ఏమిటో అందరికీ తెలుసు. గుడికని వెళ్ళి రాని మనిషి విషయంలో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. అందుకే ఆ ఇంటికి ఏడేళ్ళు.

ఇంగ్లండులో 2017లో ఒక చట్టం చేశారు, 2019 నుంచి అమలులో ఉంది. మనిషి కనిపించకుండా తొంభై రోజులు దాటితే, అతని ఆస్తి వ్యవహారాలు చూడడానికి కోర్టు ఒక సంరక్షకుణ్ణి నియమిస్తుంది. చనిపోయాడని అనవలసిన అవసరం లేదు. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఉంటే ఎంత బాగుండునో అనుభవించినవాళ్ళకు తెలుసు. ఆయన పేరున ఎల్.బి.నగర్ అవతల ఒక ప్లాటు ఉంది. మధ్యలో ఒక దళారి వచ్చి, "సంతకం నేను చూసుకుంటాను, వెనకటి తేదీ వేద్దాం" అన్నాడు. అబ్బాయి అప్పుల్లో ఉన్నాడు, మనసు కొంచెం ఊగింది. అక్కయ్యగారు గడప దాటనివ్వలేదు. దొంగ సంతకంతో అమ్మితే ప్లాటూ పోతుంది, పిల్లవాడూ జైలుకు పోతాడు. పన్ను రసీదులు ఆయన పేరునే కడుతూ వచ్చాం.

ఏడేళ్ళు నిండాక, 2023 మొదట్లో, ఎల్.బి.నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో దావా వేశాం. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టాం, వకీలును ఇచ్చారు. పత్రికలో ప్రకటన వేశాం. ఎఫ్.ఐ.ఆర్., పోలీసు నివేదిక, తిరిగిన ఊళ్ళ టికెట్లు, వేయించిన కరపత్రాలు అన్నీ దాఖలు చేశాం. ఏ చిన్న కాగితమూ పారేయకండని చెప్పడానికే ఇదంతా చెబుతున్నాను.

సాక్షిగా నిలబడ్డ రోజు అక్కయ్యగారిని వకీలు అడిగారు, "మీ భర్త చనిపోయారని ప్రకటించమని కోరుతున్నారా?" అని. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "ఏడేళ్ళుగా ఆయన కబురు నాకు లేదు. బతికి ఉంటే నాకు కాక ఎవరికి చెబుతారు?" అంది. అంతే అంది. చట్టంలో రాసింది సరిగ్గా అదే మాట. ఆమె చట్టం చదవలేదు. 2024 చివర డిక్రీ వచ్చింది. దానిమీద మునిసిపల్ కార్పొరేషన్ మరణ ధ్రువపత్రం ఇచ్చింది. తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెచ్చాం. డిపాజిట్లు చేతికొచ్చాయి. వీలునామా లేదు కనుక 1956 వారసత్వ చట్టం ప్రకారం ప్లాటులో భార్యకూ, కొడుక్కూ, కూతురికీ సమాన వాటాలు.

డిక్రీ వచ్చిన మర్నాడు చుట్టాల్లో ఒకావిడ వచ్చి బొట్టు సంగతి ఎత్తింది. అక్కయ్యగారు, "కాగితం బ్యాంకు కోసం తెచ్చుకున్నాను, నా మొహం కోసం కాదు" అంది. సభలో ఉన్న పెద్దలను నేను కోరేది ఒకటే. ఆ విషయం ఆమె ఇష్టం. మన నోళ్ళు మనం కట్టుకుందాం.

ఇక ఇంటికి వెళ్ళి ఈ రాత్రే చేయవలసినవి. పెన్షన్ ఖాతాను భార్యాభర్తల ఉమ్మడి ఖాతాగా మార్చుకోండి. డిపాజిట్లను ఇద్దరి పేరునా పెట్టండి. పెన్షన్ పేమెంట్ ఆర్డరు, పాసుపుస్తకాలు, బీమా కాగితాలు, ఇంటి దస్తావేజులు ఎక్కడున్నాయో ఒక నోటుబుక్కులో రాసి ఇల్లాలికి చూపించండి. మతిమరుపు ఉన్నవారి జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంచండి. కనిపించకుండా పోయినవారి సెల్ నంబరుకు రీఛార్జి ఆపకండి. ఆపితే ఆ నంబరు మరొకరికి ఇచ్చేస్తారు, బ్యాంకు సందేశాలన్నీ వాళ్ళకు పోతాయి.

చివరగా సంఘానికి నా విన్నపం. ఇలాంటి ఇంటికి జామీను సంతకం కోసం నేను అయిదు గుమ్మాలు ఎక్కాను. ఇకమీదట ఏ సభ్యుని ఇంటివారూ అలా ఎక్కకూడదు. జామీను ఉండడానికి సిద్ధమైన పదిమంది పేర్లతో ఒక జాబితా మన ఆఫీసులో ఉండాలి. మొదటి పేరు నాది రాసుకోండి. ఫిర్యాదు ఇచ్చే రోజున తోడు వెళ్ళడానికి ఇద్దరు ఉండాలి. ఆ ఇద్దరూ "రెండు రోజులు చూద్దాం" అనేవాళ్ళు కాకూడదు.

మొన్న అక్కయ్యగారి ఇంటికి వెళ్ళాను. అబ్బాయి వాళ్ళమ్మను పోరుతున్నాడు, "ల్యాండ్‌లైన్ ఎవరూ వాడడం లేదమ్మా, తీయించేద్దాం" అని. బిల్లు నన్ను చూసిపెట్టమని ఆమె ఇచ్చింది. నేను కట్టి రసీదు తెచ్చి ఇచ్చాను. ఆయనకు గుర్తున్న నంబరు అదొక్కటే.